ఈ దప్పిక దేనిది?

తెలుగులో తృష్ణ అంత మంచి పేరున్న మాట కాదు. ధనతృష్ణ, అధికార తృష్ణ, కీర్తి తృష్ణ అంటుంటాం. ఎంత పోసినా నిండనిది, మనిషిని కుదురుగా కూర్చోనివ్వనిది, వీలైతే వదిలించుకోవాల్సింది అనే అర్థంలోనే ఆ మాట మన నోట వస్తుంది. అలాంటి మాటను తెలుగు బైబిలు తీసుకెళ్ళి దేవుని పక్కన పెట్టింది. “నా ప్రాణము దేవునికొరకు తృష్ణగొనుచున్నది, జీవముగల దేవుని కొరకు తృష్ణగొనుచున్నది” అంటుంది 42వ కీర్తన. పాడీ పాడీ, వినీ వినీ అరిగిపోయిన వాక్యం కాబట్టి అందులోని విడ్డూరం మనకు తట్టదు. కోరికను జయించినవాడే భక్తుడని కదా మామూలు లెక్క! ఇక్కడేమో భక్తుడే నాలుక పిడచగట్టుకుపోయి కనిపిస్తాడు.

చాలామంది విశ్వాసులు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. మారుమనస్సు పొందాం, బాప్తిస్మం తీసుకున్నాం, ఆరాధన మానట్లేదు, బైబిలు చదువుతున్నాం. మరి లోపల ఈ వెలితి ఏమిటి? “ఆత్మీయంగా ఎండిపోయాను బ్రదర్” అంటాడు ఒకాయన. “ప్రార్థనలో కూర్చుంటున్నాను గానీ మనసు నిలవట్లేదు” అంటుంది ఒకావిడ. చెప్పేటప్పుడు ఇద్దరి గొంతులోనూ తప్పు చేసినవాళ్ళ బెరుకు ఉంటుంది. వినేవాళ్ళు కూడా ఆలస్యం చేయరు. ఉపవాసం ఉండు, గంట ముందు లే, దాచిపెట్టిన పాపం ఏదైనా ఉందేమో చూసుకో అని చకచకా మందులు రాసిచ్చేస్తారు. సలహాలు చెడ్డవి కావు. నాడి పట్టకుండా రాసినవి, అంతే. అసలది జబ్బేనా అని అంతకన్నా ముందు అడగాలి.

నాకు అర్థమైనంతలో ఆ వెలితి చాలాసార్లు జబ్బు కాదు, దేవునితో బంధం బతికే ఉందనడానికి గుర్తు. అయితే ప్రతి వెలితీ దేవుని కోసం తపన కూడా కాదు. అలసట, అపరాధ భావం, పాత రోజుల మీద బెంగ, ఒంటరితనం, డిప్రెషన్, ఇవన్నీ దాదాపు ఒకే గొంతుతో మాట్లాడతాయి. మాట్లాడుతున్నది ఎవరో పోల్చుకుంటే ఏం చేయాలన్నది చాలావరకు దానంతటదే తేలుతుంది.

దుప్పి ఎందుకు రొప్పుతోంది

“దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు” అని మొదలవుతుంది ఆ కీర్తన. ‘ఆశపడు’ అన్నచోట హెబ్రీలో ఉన్న క్రియ చాలా అరుదైనది. అది మళ్ళీ కనిపించేది యోవేలు గ్రంథం 1వ అధ్యాయంలో. అక్కడ కరువొచ్చి, వాగులు ఎండి, మేత కాలిపోయి, పశువులు దేవుని వైపు నోళ్ళు తెరిచి అంగలారుస్తుంటాయి. కాబట్టి ఇది బొమ్మల్లో చూసే దుప్పి కాదు. పచ్చిక మధ్య, సెలయేటి ఒడ్డున, వయ్యారంగా మెడ తిప్పి నిలబడ్డది కాదు. వాగు దాకా వచ్చి, వాగులో ఇసుక తప్ప ఏమీ కనపడక రొప్పుతున్న దుప్పి.

‘ప్రాణము’ అన్న మాట సంగతీ అంతే. హెబ్రీలో అది ‘నెఫెష్’. ప్రాణం, మనిషి అనే అర్థాలతో పాటు దానికి గొంతు అనే అర్థం కూడా ఉంది. “జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి” అని 69వ కీర్తన మొదట్లో ఉన్నదీ ఈ మాటే. నీళ్ళు గొంతు దాకా వచ్చేశాయని అక్కడి భావం. మన అనువాదకులు ‘ఆత్మ’ అనకుండా ‘ప్రాణము’ అనడం భలే కుదిరింది. ప్రాణం ఉసూరుమంది అంటాం, ప్రాణం కొట్టుకుంటోంది అంటాం. తలలో పుట్టే ఆలోచన గురించి ఎవరూ అలా అనరు. ఒంట్లో తెలిసేదాని గురించే అంటారు.

ఇంతకీ ఈ పాట పాడుతున్నవాడు ఎక్కడున్నాడు? 6వ వచనంలో జాడ ఉంది: యొర్దాను ప్రదేశం, హెర్మోను, మిసారు కొండ. యెరూషలేము మందిరానికి ఉత్తరంగా, బాగా దూరం. కీర్తన పైన కోరహు కుమారుల పేరుంది. మందిరంలో పాటలు పాడిన వంశం అది. ఒకప్పుడు పండుగ జనంతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడు ఇప్పుడు ఆ దూరంలో కూర్చుని, అదంతా తలచుకుని కుమిలిపోతున్నాడు. దేవుడెవరో తెలియక పుట్టిన దప్పిక కాదిది. తెలుసు కాబట్టే పుట్టింది.

ఆ తర్వాత 7వ వచనంలో ఒక వింత జరుగుతుంది. అప్పటిదాకా చుక్క నీళ్ళు లేవని అరిచినవాడి మీద ఉన్నట్టుండి నీళ్ళు విరుచుకుపడతాయి. “నీ అలలన్నియు నీ తరంగములన్నియు నా మీదుగా పొర్లి పారియున్నవి.” తాగడానికి చుక్క లేదు, మునగడానికి సముద్రం ఉంది! అయినా వాటిని ‘నీ’ అలలు అంటున్నాడు చూడండి. దేవుడి దెబ్బ తిని, దేవుడితోనే తగువు పెట్టుకుంటున్నాడు. దేవుడు అక్కర్లేనివాడు ఇంత శ్రమ పడడు.

దేవునికి దగ్గరయ్యేకొద్దీ ఈ దాహం తగ్గాలి కదా అని ఇంకో అనుమానం. నిర్గమకాండం 33వ అధ్యాయం చూడండి. ఒక మనిషి తన స్నేహితుడితో మాట్లాడినట్టు యెహోవా మోషేతో ముఖాముఖిగా మాట్లాడేవాడని 11వ వచనం. ఏడు వచనాలు దాటేసరికి అదే మోషే “నీ మహిమను నాకు చూపుము” అని బతిమాలుతున్నాడు. అంత చూసినవాడికి ఇంకా ఏం చూడాలని? 4వ శతాబ్దంలో నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరీ ఈ చోటనే ఆగి చాలా ఆలోచించాడు. దేవునికి అంతు లేదు కాబట్టి ఆయన మీద పుట్టిన కోరికకూ అంతు ఉండదని, ఆ కోరిక ఎప్పటికీ తీరిపోకపోవడమే ఆయనను నిజంగా చూడటమని ఆయన తేల్చాడు. అన్నం ఆకలి తిన్నాక చచ్చిపోతుంది. ఈ ఆకలి తిన్నకొద్దీ పెరుగుతుంది. 63వ కీర్తనలో దావీదు దప్పిక, తృప్తి రెండూ పక్కపక్కనే ఉండటం అందుకే వైరుధ్యంగా అనిపించదు. కొండమీద యేసు కూడా నీతికొరకు ఆకలిదప్పులు గలవాళ్ళనే ధన్యులన్నాడు. మరి “నాకేమియు కొదువలేదు” అన్నది ఎవరు? ప్రకటన గ్రంథంలోని లవొదికయ సంఘం. నులివెచ్చగా ఉన్నావని చీవాట్లు తిన్నది కూడా అదే సంఘం.

ఒకే గొంతుతో వచ్చేవి

ఇప్పుడు రెండో వైపు. దేవుని కోసం తపన కానివి కూడా ఆ పేరుతో వస్తుంటాయి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది అలసట. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసుకో, ఇక చాలు అంటాడు. అంతకుముందే కర్మెలు కొండమీద ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు! మన కూటాల్లో అయితే అతనికి విశ్వాసం గురించి ఒక ప్రసంగం, బహుశా ఒక గద్దింపు ప్రార్థన కూడా దొరికేవి. అక్కడ దొరికింది ఏమిటంటే నిద్ర. తర్వాత ఒక దేవదూత తట్టి లేపి భోజనం చేయమన్నాడు. తల దగ్గర నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినది అన్నాడే గానీ, ఇలా అయిపోయావేమిటని ఒక్క మాట అనలేదు. “ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?” అన్న ప్రశ్న 40 దినాల నడక తర్వాత, హోరేబు కొండ దగ్గర గాని రాలేదు. దేవుడు పాటించిన ఈ వరస నాకు చాలా ఇష్టం: ముందు నిద్ర, తర్వాత తిండి, తర్వాత నడక, ఆ తర్వాతే మాట.

నా సంగతే చెబుతాను. ఒక ఏడాది పొద్దున ప్రార్థన పూర్తిగా చప్పబడిపోయింది. దేవుడు మొహం చాటేశాడనే అనుకున్నాను. ఓ నోటు పుస్తకంలో రోజూ ఒక్క లైను రాసుకునేవాణ్ణి, ఇవాళ ఎలా ఉందని. నెల తిరిగాక వెనక్కి తిరగేస్తే, ‘ఎండిన’ రోజుల్లో చాలావాటికి ముందురోజు రాత్రి పన్నెండు దాటాక పడుకున్నట్టు తేలింది. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. దాన్ని ఆత్మీయ పోరాటమని ఎంతమందికి చెప్పుకున్నానో!

అలసటకు దగ్గరి చుట్టం ఇంకొకటుంది. ఐగుప్తు ఎడారిలో ఉండి 399లో చనిపోయిన ఎవాగ్రియస్ అనే సన్యాసి దానికి గ్రీకులో ‘అకీడియా’ అని పేరు పెట్టి, మధ్యాహ్నపు దయ్యం అన్నాడు. అది ఉదయం పది ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం రెండు దాకా పీడిస్తుందట. సూర్యుడు కదలనట్టే ఉంటాడు. రోజుకు 50 గంటలున్నాయా అనిపిస్తుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. బయటికొచ్చి ఎండ ఎంత దిగిందో చూస్తాడు. పలకరించడానికి సహోదరుడెవరైనా వస్తున్నాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. తర్వాత తానున్న చోటంటేనే విసుగు పుడుతుంది, ఇంకెక్కడికైనా పోతే దేవుణ్ణి ఇంతకన్నా బాగా సేవించవచ్చు కదా అనే ఆలోచన మొదలవుతుంది. చేతిలో ఫోను లేదన్న మాటే గానీ ఆ సన్యాసి మనమే. బైబిలు యాప్ తెరిచి నాలుగు వచనాలు చదివేలోపు బొటనవేలు దానంతటదే ఇంకో యాప్‌లోకి జారిపోతుంది. ఎక్కడో మంచి ప్రసంగం, మంచి సంఘం, మంచి ఆరాధన ఉందనిపిస్తుంది. ఇది దేవుని కోసం దాహంలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఉన్నచోట ఉండలేకపోవడం. దీనికి ఎవాగ్రియస్ చెప్పిన మందు చప్పగా ఉంటుంది: గది వదలకు, చేస్తున్న పని మానకు. నాకు తెలిసి ఇంతకన్నా బాగా పనిచేసేది లేదు.

అపరాధ భావాన్ని పోల్చుకోవడం కొంచెం తేలిక. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు విషయం స్పష్టంగా ఉంటుంది: ఫలానా మాట అన్నావు, ఫలానా డబ్బు దాచావు, ఫలానా మనిషితో సమాధానపడలేదు. ఒప్పుకుని, వెళ్ళి సరిచేసుకుంటే బరువు దిగుతుంది. అలా కాకుండా, ఏ తప్పూ చూపించకుండా నువ్వు దేనికీ పనికిరావు అంటూ పొగలా కమ్ముకునేది వేరు. పౌలు 2 కొరింథీయులు 7లో దుఃఖాన్ని రెండుగా విడదీసింది ఇందుకే. ఒకటి మారుమనస్సుకు దారితీస్తుంది, ఇంకొకటి మరణానికి.

పాత రోజుల మీద బెంగ ఇంతకన్నా చిక్కు వ్యవహారం. రక్షణ పొందిన కొత్తలో కళ్ళు మూసుకుంటే కన్నీళ్ళొచ్చేవి, పాట ఎత్తుకుంటే ఒళ్ళు జలదరించేది, ఇప్పుడేమీ లేదు, కాబట్టి మొదటి ప్రేమ పోయింది అనుకుంటాం. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి రాసిన మాటలు గుర్తొచ్చి గుండె జారుతుంది. కానీ ఆ వచనాన్ని చివరిదాకా చదవం. మొదటి ప్రేమ వదిలావన్న తర్వాత యేసు అడిగిందేమిటి? “ఆ మొదటి క్రియలను చేయుము.” మొదటి ఉద్రేకాన్ని మళ్ళీ తెచ్చుకోమనలేదు. ఎవరికి వండిపెట్టేవాడివి, ఎవరి కోసం ప్రార్థించేవాడివి, ఎవరిని క్షమించేవాడివి? అక్కడికి తిరిగి వెళ్ళు అన్నాడు. చేతులతో చేయగలిగేదే అడిగాడు.

18వ శతాబ్దపు ఇంగ్లండు ప్రసంగీకుడు జాన్ వెస్లీ కథ ఇక్కడ పనికొస్తుంది. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో, రాత్రి తొమ్మిదికి పావుగంట తక్కువగా, తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన రాసుకున్నాడు. ఆ వాక్యం చెప్పని సువార్తికుడు ఉండడు. 1739 జనవరిలో అదే మనిషి అదే దినచర్య పుస్తకంలో తాను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కానని రాశాడు. ఈ రెండో సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఎనిమిది నెలలు కూడా తిరగలేదు. వెచ్చదనం చల్లారింది, మనిషి మాత్రం ఆగలేదు. ఆ తర్వాత 50 ఏళ్ళకు పైగా ప్రసంగిస్తూనే ఉన్నాడు. సాక్ష్యాల్లో మే నెలతో పాటు జనవరిని కూడా చెబితే వినేవాళ్ళకు ఎంత ఊరటగా ఉండేది!

డిప్రెషన్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే దాన్ని తేల్చాల్సింది డాక్టరే. రెండు వారాలకు పైగా రోజూ దిగులు, నిద్ర తిండి దెబ్బతినడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు, ఇవి కనిపిస్తే ఆ మనిషికి ప్రార్థనతో పాటు వైద్యం కావాలి. చనిపోవాలన్న ఆలోచన ఉంటే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే సాయం అడగాలి. మందులు వేసుకోవడం విశ్వాసం లేకపోవడమని చెప్పేవాళ్ళు, విరిగిన కాలికి కట్టు కట్టించుకోవడం గురించి ఏమంటారో అడగాలి.

తొట్లు, ఒంటరితనం

తపన కానివి తపనలా రావడం ఒక ఎత్తు. దేవుని కోసం ఉన్న తపన ఇంకో వస్తువు మీదికి మళ్ళడం ఇంకో ఎత్తు. యిర్మీయా 2వ అధ్యాయంలో దేవుడు తన జనం రెండు నేరాలు చేశారంటాడు. జీవజలాల ఊటనైన నన్ను విడిచారు, బద్దలై నీళ్ళు నిలవని తొట్లను తొలిపించుకున్నారు అని. ఊట నీళ్ళు వాటంతటవే వస్తాయి. తొట్టి అలా కాదు. రాతిని తొలవాలి, లోపల పూత పూయాలి, వాన కోసం ఎదురుచూడాలి, ఇంత చేశాక ఒక్క పగులు పడితే తెల్లారేసరికి అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. ఆ జనం సోమరులని కాదు దేవుని బాధ, ఎండిపోయేదాని కోసం ఒళ్ళు హూనం చేసుకుంటున్నారని. పరిచర్య కూడా ఇలాంటి తొట్టి కాగలదు. మైకు ముందున్నంతసేపు నిండుగా ఉండి, ఇంటికొచ్చి తలుపేసుకోగానే ఖాళీ అయిపోయే సేవ ఎంతోమందికి తెలుసు.

ఊటేదో తొట్టేదో ఎలా తెలుస్తుంది? ఇగ్నేషియస్ లొయోలా అనే సైనికుడు 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచం పట్టాడు. చదువుకోవడానికి వీరుల కథలు అడిగితే అవి లేక, క్రీస్తు జీవితం, పరిశుద్ధుల కథలు తెచ్చిచ్చారు. పడుకుని రెండు రకాల పగటికలలు కనేవాడు. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే సాహసాలు ఒకటి, పరిశుద్ధులు చేసినట్టు తానూ చేయడం రెండోది. కంటున్నంతసేపు రెండూ తీపే. అయితే మొదటిది అయిపోయాక లోపల ఎండిపోయినట్టు ఉండేది, రెండోది అయిపోయాక కూడా సంతోషం మిగిలి ఉండేది. ఆ తేడా గమనించడంతోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. తినేటప్పటి రుచి కాదు, తిన్నాక నోట్లో మిగిలే రుచి చూడాలన్నమాట. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు కూడా యేసు వెళ్ళిపోయాకే “మన హృదయము మనలో మండుచుండలేదా” అని ఒకరినొకరు అడిగారు. మండుతున్నప్పుడు వాళ్ళకూ తెలియలేదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మనిషి గుండెలో దేవుడు మాత్రమే నింపగల ఖాళీ ఉందని చెప్పి, మిగతా అవసరాలన్నీ దాని నకళ్ళే అనేస్తారు. పెళ్ళి కాక, స్నేహితులు లేక, భాగస్వామిని పోగొట్టుకుని ఒంటరిగా ఉన్నవాళ్ళతో “మీకు దేవుడు చాలు” అంటారు. ఆదికాండం 2వ అధ్యాయంలో ఆదాముకు దేవుడున్నాడు, పాపం ఇంకా లోకంలోకి రాలేదు, అయినా నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదని దేవుడే అన్నాడు. దేవుడే చాలదన్నచోట మనం చాలనడం భక్తి ఎలా అవుతుంది? మనిషి అవసరం మనిషి అవసరమే, దానికి మనుషులే వెళ్ళాలి. దేవునిలో తప్ప మనసుకు నెమ్మది లేదని చాటిన ప్రాచీన క్రైస్తవ గురువు అగస్టీన్ కూడా 387లో తల్లి మోనికా చనిపోయినప్పుడు ఏడ్చాడు. తల్లి కోసం కాసేపు ఏడ్చినందుకు నన్ను చూసి నవ్వకండని చదివేవాళ్ళను వేడుకున్నాడు కూడా. దేవుని కోసం దప్పిక ఉన్నంత మాత్రాన ఆ దుఃఖం దానికిందికి చేరిపోలేదు.

చీకటి కూడా దారే అయినప్పుడు

అలసట కాదు, పాపం కాదు, డిప్రెషనూ కాదు, అయినా దేవుడు ఉన్నాడో లేడో తెలియనంత నిశ్శబ్దం. దీని గురించి స్పెయిన్‌కు చెందిన సన్యాసి సిలువ యోహాను రాసినంత ఓపికగా ఎవరూ రాయలేదు. 1577 డిసెంబరు నుంచి 1578 ఆగస్టు దాకా తన సొంత సభకు చెందిన సన్యాసులే ఆయన్ను తొలేదో పట్టణంలో ఒక ఇరుకు గదిలో బంధించారు. చీకటి గురించి ఊహించి రాసినవాడు కాదు. ఎండిన స్థితి దేవుని పనేనని గుర్తుపట్టడానికి ఆయన మూడు ఆనవాళ్ళు చెప్పాడు. దేవుని సంగతుల్లో రుచి పోయినట్టే లోకపు సంగతుల్లోనూ రుచి ఉండదు. నేను దేవుణ్ణి సరిగ్గా సేవించట్లేదేమో, వెనక్కి పోతున్నానేమో అన్న బాధ లోపల నలుపుతుంటుంది. ఇదివరకటిలా ధ్యానించాలని ఎంత ప్రయత్నించినా కుదరదు.

రెండోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. నులివెచ్చగా ఉన్నవాడికి తాను నులివెచ్చగా ఉన్నానన్న టెన్షన్ ఉండదు. ఆ బాధే దప్పిక, నీళ్ళ రుచి లేకుండా మిగిలిన దప్పిక. మదర్ థెరిసా 1997లో చనిపోయాక పదేళ్ళకు ఆమె ఉత్తరాలు అచ్చయితే లోకం నిర్ఘాంతపోయింది. దశాబ్దాల పాటు ఆమెకు లోపల దేవుని జాడే తెలియలేదు. కొందరు దాన్ని నటన అన్నారు. ఏ అనుభూతీ ఆసరా లేకుండా అన్నేళ్ళు పొద్దున్నే లేచి ప్రార్థనకు వెళ్ళిన మనిషిని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

ఇలాంటి కాలానికి ఇగ్నేషియస్ పెట్టిన నియమం ఒకటి గుర్తుపెట్టుకోదగ్గది: ఎండిన రోజుల్లో, వెలుతురున్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. సంఘం వదిలేయడం, సేవ మానేయడం, మాట ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం, వీటన్నిటికీ ఇది సమయం కాదు. ఒక్కటి మాత్రం విడిగా చూడాలి. సంఘంలో ఎవరైనా హింసిస్తుంటే, మోసం చేస్తుంటే బయటపడటానికి వెలుతురు కోసం ఆగక్కర్లేదు.

మరి ఏం చేయడం?

ముందు దాన్ని వెంటనే ఆర్పేయకుండా ఉండటం. వెలితి తెలియగానే ఒక పాట పెట్టేస్తాం, ఒక ప్రసంగం వినేస్తాం, లేదా ఏదో ఒకటి తింటాం. పది నిమిషాలు దానితో ఖాళీగా కూర్చుంటే అదేమిటో అదే చెబుతుంది. యోహాను సువార్తలో యేసు నోట మొట్టమొదట వచ్చిన మాట ఒక ప్రశ్న: “మీరేమి వెదకుచున్నారు?” బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే ఉన్నా, నీకేం చేయాలి అని ఆయన అడిగాడు. అడిగించుకుని, సొంత నోటితో చెప్పడంలో ఏదో ఉంది. నా మటుకు నేను కాగితం మీద “ప్రభువా, నాకు కావలసింది” అని మొదలుపెట్టి, సిగ్గుపడకుండా వచ్చినదల్లా రాస్తాను. మొదటి మూడు లైన్లు ఎప్పుడూ పవిత్రంగా ఉంటాయి. నిజం నాలుగో లైను నుంచి మొదలవుతుంది.

ఆ నిజం అంత గొప్పగా లేకపోయినా ఫర్వాలేదు. తప్పిపోయిన కుమారుడు ఇంటిదారి పట్టింది తండ్రి మీద బెంగతో అని కథలో లేదు. నాన్న దగ్గర కూలివాళ్ళకు కూడా కడుపునిండా అన్నం దొరుకుతుందన్న లెక్క వేసుకుని బయల్దేరాడు. తండ్రి ఆ లెక్క సంగతి అడగలేదు, దూరంగా ఉండగానే చూసి పరుగెత్తుకొచ్చాడు. తపన శుద్ధి అయ్యాక వెళ్దామని కూర్చుంటే ఎప్పటికీ వెళ్ళం.

మాటలు రానప్పుడు కీర్తనలు ఉన్నాయి. 13వ కీర్తన “ఎన్నాళ్లవరకు” అని నాలుగుసార్లు నిలదీస్తుంది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఊరడింపు కోసం ఒక్క వాక్యం కూడా అతికించలేదు. వీటిని ప్రార్థనలుగా మన చేతిలో పెట్టింది దేవుడే. అవి కూడా చదవలేనప్పుడు రోమా 8 ఉంది. అక్కడ మూలుగు మూడుసార్లు వినిపిస్తుంది: సృష్టి మూలుగుతోంది, మనం మూలుగుతున్నాం, ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడు. ప్రార్థన చేయలేక నిట్టూర్చి లేచిన రాత్రి, ఆ నిట్టూర్పు వృథా పోలేదని పౌలు మాట.

ఉపవాసం సలహాను మొదట్లో కొంచెం వెక్కిరించాను గానీ, యెషయా 58 చదివాక దాన్ని పూర్తిగా కొట్టేయలేను. దేవుడు ఏర్పరచుకున్న ఉపవాసంలో ఉపవాసం ఉన్నవాడి ఆహారం ఆకలిగొన్నవాడి దగ్గరికి వెళ్తుంది. అలా చేసినవాడికే, నువ్వు నీరు కట్టిన తోటలా, ఎప్పుడూ ఉబికే ఊటలా ఉంటావన్న మాట దొరికింది. తన దాహం గురించే ఆలోచిస్తూ కూర్చున్నవాడికి కాక, ఇంకొకడికి అన్నం పెట్టడానికి లేచినవాడికి. ఎండిపోయిన రోజుల్లో నాకు తరచూ పనిచేసింది కూడా ఇదే: అనారోగ్యంతో ఉన్న ఒకరిని చూడటానికి వెళ్ళడం, వెళ్ళి ప్రసంగం చేయకుండా కూర్చోవడం.

ఈ సంగతి కనీసం ఒక్క మనిషికి చెప్పుకోవాలి. సాక్ష్యంలా కాదు, మామూలుగా. వెంటనే మందు రాసివ్వకుండా, “ఎప్పటి నుంచి అలా ఉంది?” అని అడిగే మనిషైతే మంచిది.

నీళ్ళ గురించి ఇంత మాట్లాడి సుఖారు బావి దగ్గరికి వెళ్ళకపోతే ఎలా? యోహాను 4లో యేసు ప్రయాణపు బడలికతో యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది, ఎవాగ్రియస్ సన్యాసి కిటికీలోంచి ఎండ చూసే వేళే. నీళ్ళు చేదుకోవడానికి వచ్చిన సమరయ స్త్రీతో ఆయన మొదట జీవజలం గురించి మాట్లాడలేదు. “నాకు దాహమునకిమ్ము” అన్నాడు. అదే సువార్తలో, సిలువ మీద, మళ్ళీ “నేను దప్పిగొనుచున్నాను” అన్నాడు. బావి దగ్గర ఆమె దాహం, ఆయన దాహం ఎదురెదురుగా కూర్చున్నాయి. ఎక్కడ ఆరాధించాలి, ఎవరిని ఆరాధించాలి, ఐదుగురు భర్తల సంగతేమిటి, అన్నీ మాటల్లోకి వచ్చాయి. చివరికి ఆమె ఊళ్ళోకి పరుగెత్తింది. ఆయన అడిగిన నీళ్ళు ఆమె ఇచ్చిందో లేదో యోహాను రాయలేదు. కుండ మాత్రం బావి దగ్గరే వదిలి వెళ్ళిందని రాశాడు.